నేను హబ్సిగూడలో, నా కారు నంబరు ఊరికి ఆ చివర: ఈ చలాన్‌ను ఎలా ఎదుర్కోవాలి?

ఉప్పల్ సారథి:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో సొంత కారును క్యాబ్‌గా తిప్పుకుంటూ బతుకుతున్నాను. పోయిన నెలలో ఒకే రోజు, పందొమ్మిది నిమిషాల తేడాతో, నా బండి మీద రెండు వేగం చలాన్లు నమోదయ్యాయి. ఒక్కొక్కటి వెయ్యి రూపాయల జరిమానా, దాని మీద 35 రూపాయల యూజర్ చార్జీలు. మా డ్రైవర్లలో ఎవరైనా ‘వెయ్యి ముప్పై ఐదు పడింది’ అన్నారంటే ఇక వివరం అడగనక్కరలేదు.

మొదటి చలాన్ ఉదయం 9.12కు ఉప్పల్ దగ్గర పడింది. దాని మీద నాకు పేచీ లేదు. వెనుక నుంచి తీసిన ఫొటోలో ఉన్నది నా కారే. అద్దం మీద మా అమ్మాయి అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. 60కి మించకూడని చోట 71లో వెళ్లాను, కడతాను. రెండవది 9.31కి, నగరానికి పడమటి చివర ఉన్న ఒక ఫ్లైఓవర్ మీద. ఉప్పల్ నుంచి అక్కడికి పాతిక కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఆఫీసుల వేళ తార్నాక దాటడానికే అంతసేపు పట్టే ఈ ఊళ్లో, ఆ దూరాన్ని పందొమ్మిది నిమిషాల్లో దాటగలిగితే నేను క్యాబ్ నడుపుకుంటూ ఎందుకుంటాను? ఆ సమయానికి హబ్సిగూడలో ఒక ప్రయాణికురాలిని ఎక్కించుకుంటున్నట్టు యాప్‌లో రికార్డు ఉంది.

సైటులో ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. అది కూడా నా బండి లాంటి తెల్ల సెడానే: అదే కంపెనీ, అదే మోడల్, అదే పసుపు ప్లేటు. ముందు బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టి ఉంది. దాని నల్లదారం సరిగ్గా చివరి అంకె మీదుగా జారి, 3కు ఎడమవైపు తెరిచి ఉండే భాగాన్ని మూసేసింది. చూసే కంటికి అది 8. నా నంబరులో చివరి అంకె 8. ఎవరో తన కారుకు దిష్టి తగలకుండా కట్టుకున్న దారం, ఆ దిష్టిని తెచ్చి నా నెత్తిన పెట్టింది.

సైటు ద్వారా ఫిర్యాదు పంపి మూడు వారాలైంది, జవాబు లేదు. సంబంధిత ట్రాఫిక్ కార్యాలయానికి వెళితే, అక్కడ కూర్చున్న ఉద్యోగి తెర వైపు చూసి, ‘నంబరు మీదే కదా, మీరు అక్కడ లేరని మీరే చూపించాలి’ అన్నారు. ఆయన కసురుకోలేదు, మర్యాదగానే చెప్పారు. అయినా ఆ మాటే నన్ను తొలుస్తోంది. ఈసారికి యాప్ రికార్డు ఉంది. ఆ రోజు బండి మా గల్లీలో ఊరికే ఆగి ఉంటే ఏం చూపించేవాణ్ణి? పైగా మొన్న శంషాబాద్ విమానాశ్రయానికి వెళుతుండగా ఒక కూడలిలో ఆపి, ట్యాబ్‌లో నంబరు కొట్టి, పెండింగ్ చలాన్ కట్టి కదలమన్నారు. వెనుక సీట్లో ప్రయాణికుడు ఒళ్లో సంచి పెట్టుకుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. చేయని తప్పుకు అక్కడే కట్టేసి బయటపడదామా అనిపించింది. కట్టలేదు, కానీ ఆయన నాకు రెండు నక్షత్రాలే ఇచ్చి దిగిపోయాడు.

ఇక రెండో సందేహం. తప్పు చేసినప్పుడు ఫొటో తీస్తే అర్థం ఉంది. రోజంతా ఊరంతా తిరిగే నాలాంటివాడి నంబరును దారిలోని ప్రతి కెమెరా చదువుతూ ఉంటే, నేను ఏ రోజు ఏ గంటకు ఎవరి గుమ్మం ముందు ఆగానో చెప్పే చిట్టా ఒకటి ఎక్కడో తయారవుతుంది కదా? దాన్ని ఎవరు చూడవచ్చు, ఎంతకాలం ఉంచుకోవచ్చు? చట్టం తెలిసినవారు, ఈ యంత్రాల సంగతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నల్లకోటు నాంపల్లి:

సారథి గారూ, నేను నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ముందుగా ఒక మాట. రెండో చలాన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి. చలాన్ కట్టడం అంటే నేరాన్ని ఒప్పుకుని, కోర్టు దాకా వెళ్లకుండా రాజీ చేసుకోవడం. మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ కల్పించిన వెసులుబాటు అదే. చాలామంది ‘పోనీలే, వెయ్యి రూపాయలే కదా’ అని కట్టేసి, ఆ తరువాత న్యాయం కోసం వస్తారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా మిగలదు.

మీరు అక్కడ లేరని మీరే చూపించాలన్న మాట చట్టం చెప్పినది కాదు. ఆ సమయంలో వాహనం ఎవరు నడిపారో చెప్పమని పోలీసు అధికారి అడిగితే యజమాని చెప్పి తీరాలని 133వ సెక్షన్ అంటుంది, నిజమే. అయితే అది సమాచారం ఇచ్చే బాధ్యత. కేసు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లిననాడు, అక్కడ ఉన్న బండి మీదేనని రుజువు చేయవలసింది ప్రాసిక్యూషనే. ఆచరణలో రెండు వేల రూపాయల కూలి పోగొట్టుకుని వెయ్యి రూపాయల కేసుకు ఎవరు తిరుగుతారన్న ధీమా మీద వ్యవహారమంతా నడుస్తోందని నాకూ తెలుసు. అందుకే కోర్టు కన్నా ముందు కాగితం మీద పోరాడమంటాను.

2019 సవరణతో చట్టంలోకి 136ఏ సెక్షన్ వచ్చింది. కెమెరాలు, యంత్రాల ద్వారా రహదారులను పర్యవేక్షించి చర్య తీసుకోవడానికి అదే మూలం. దాన్ని అమలు చేసే పద్ధతిని కేంద్రం 2021 ఆగస్టులో 167ఏ నిబంధనగా ప్రకటించింది. వాహనదారులు దాన్ని ఒకసారి చదివితే సగం భయం పోతుంది. స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, పోలీసు ఒంటికి తగిలించుకునే కెమెరా, నంబరు ప్లేటును తానే చదివే వ్యవస్థ వంటివన్నీ అందులోకి వస్తాయి. యంత్రం సరిగ్గా పనిచేస్తోందని రాష్ట్రం నిర్దేశించిన అధికారి నుంచి ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉన్నదని తెలిపే బోర్డు వాహనదారుకు ముందుగా కనబడాలి. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలి. చలాన్‌తో పాటు ఉల్లంఘననూ నంబరు ప్లేటునూ స్పష్టంగా చూపే ఫొటో, యంత్రం కొలిచిన లెక్క, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువపత్రం ఉండాలి. ఈ చివరిది అప్పట్లో సాక్ష్యాధార చట్టం 65బి కింద ఇచ్చేవారు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఆ స్థానంలోకి వచ్చింది. నిబంధనలోని ‘స్పష్టంగా’ అన్న ఒక్క మాట మీ కేసుకు చాలు. చివరి అంకె మీద దారం వేలాడుతున్న ఫొటో స్పష్టమైన ఫొటో కాదు.

కాబట్టి మీరు చేయవలసినది ఇది. ఆ ఫొటోను, మీ కారు ముందు భాగం ఫొటోను, యాప్ రికార్డును జత చేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. మీకు అనుకూలంగా ఉన్న అన్నిటికన్నా బలమైన సాక్ష్యం వారి దగ్గరే ఉంది: మీరు ఒప్పుకుంటున్న 9.12 చలాన్. దాన్ని కట్టేసి, ఆ రసీదును కూడా జత చేయండి. 9.12కు ఉప్పల్‌లో ఉన్న బండి 9.31కి అక్కడ ఎలా ఉంటుందో వారి యంత్రాలే ఒకదానికొకటి జవాబు చెప్పుకోవాలి. అదే రోజు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మరో దరఖాస్తు పెట్టి, ఆ పరికరం ధ్రువపత్రం ఎప్పటిదో అడగండి. వేగం కొలిచే రాడార్ పరికరాలను తూనికలు, కొలతల చట్టం కింద పరీక్షించి ముద్ర వేయాలన్న నిబంధన 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కూరగాయల తక్కెడకు ముద్ర ఉందా అని అడిగే హక్కు మనకు ఉన్నట్టే దీనికీ ఉంది.

కూడలిలో ఆపినప్పుడు వాదనకు దిగకండి. తగాదాలో ఉన్న చలాన్ రోడ్డు మీద తేలేది కాదు. స్టాంపు వేసిన ఫిర్యాదు నకలు చూపించి, కేసు పెడితే కోర్టులో జవాబిస్తానని నెమ్మదిగా చెప్పండి.

పాత స్టీరింగ్, మలక్‌పేట:

వకీలు గారు చెప్పినది బాగుంది. అయితే ఇక్కడ చాలామంది కెమెరాను తిట్టడమే చూస్తున్నాను కనుక, నలభై ఏళ్ల నుంచి ఈ ఊళ్లో బండి నడుపుతున్నవాడిగా రెండో వైపు కూడా చెప్పాలనిపించింది. కెమెరాలు లేని రోజులు నాకు గుర్తున్నాయి. బండి ఆపడంతోనే తాళంచెవి లాగేసుకునేవారు. తరువాత చెట్టు కింద బేరం. రసీదు కావాలంటే ఒక ధర, అక్కరలేదంటే ఇంకొక ధర. కారులో ఉన్నది ఎవరి మేనల్లుడన్నదాన్ని బట్టి ఆ ధర కూడా మారేది. కెమెరా టీ డబ్బులు అడగదు, మేనల్లుళ్లను గుర్తుపట్టదు. ఆ ఒక్కదానికి దానికి దండం పెడతాను.

నా ఫిర్యాదు వేరు. 2023లో వేగ పరిమితులు మార్చారు: డివైడర్ ఉన్న నగర రోడ్ల మీద కార్లకు 60, డివైడర్ లేకపోతే 50, మిగిలిన వాహనాలకు 50, 40, కాలనీ రోడ్ల మీద అందరికీ 30. అదే ఏడాది ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో 100గా ఉన్న పరిమితిని 120 చేశారు, మూడు, నాలుగు లేన్లలో 80. ఈ లెక్కలన్నీ ఎంతమందికి తెలుసు? నేను అడిగిన పదిమంది డ్రైవర్లలో కాలనీ రోడ్డు పరిమితి ఎవరూ చెప్పలేదు. ఫ్లైఓవర్ ఎక్కేచోట బోర్డు చెట్టుకొమ్మ చాటున ఉంటుంది, దిగేచోట స్పీడ్ గన్ మాత్రం బాహాటంగా ఉంటుంది. దిగుడులో ఏ బండైనా తనంత తానే పది కిలోమీటర్లు ఎక్కువ అందుకుంటుందని స్టీరింగ్ పట్టినవాడికి చెప్పనక్కరలేదు. ప్రమాదాలు జరిగే మలుపులో కాకుండా, చలాన్లు ఎక్కువ దొరికే దిగుడులో నిలబడితే జనం దాన్ని భద్రత అనుకోరు, వసూలు అనుకుంటారు.

ఆ వసూలు అన్న అనుమానాన్ని పెంచింది రాయితీలే. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలాన్లకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు ఆఖరులో మళ్లీ మొదలుపెట్టి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించి, గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించారు. నేను ఏనాడూ చలాన్ బాకీ ఉంచలేదు, పూర్తి సొమ్ము కట్టాను. మా ఎదురింటి కుర్రాడు హెల్మెట్ లేకుండా మూడేళ్లు తిరిగి, ఐదోవంతు లెక్కగట్టుకుని కట్టి, పై నుంచి నన్ను ‘అంకుల్, తొందరపడ్డారు’ అన్నాడు. జరిమానా అంటే తప్పుకు వేసేది, అటకెక్కిన సరుకుకు సంక్రాంతి తగ్గింపు ఇచ్చినట్టు ఇస్తే ఎలా?

కీబోర్డు కూకట్‌పల్లి:

నేను చిత్రాలను చదివే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, పోలీసు వ్యవస్థతో నాకు సంబంధం లేదు. నంబరు చదివే కెమెరా చేసే పని సూత్రంలో ఒక్కటే: చిత్రంలో ప్లేటు ఎక్కడుందో వెతుకుతుంది, అక్షరాలను విడదీస్తుంది, ఒక్కొక్కటి ఏదై ఉంటుందో అంచనా వేసి, ఆ అంచనా మీద తనకు ఎంత నమ్మకం ఉందో ఒక సంఖ్య రూపంలో చెబుతుంది. 3, 8 మధ్య, 0కూ ఇంగ్లిషు ‘ఓ’ అక్షరానికీ మధ్య, 8కీ ‘బి’ అక్షరానికీ మధ్య పొరపాట్లు సర్వసాధారణం. మన దగ్గర ఏపీ, టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ అని మూడు రకాల ప్లేట్లు కలిసి తిరుగుతున్నాయి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు వస్తుంది, అది ఒకే తీరు అక్షరాలతో ఉంటుంది. అంతకు ముందువాటిలో చాలావరకు ఒక్కో పెయింటరు చేతిరాత.

పొరపాటును పట్టుకునే జల్లెడ మామూలుగా ఏమిటంటే, చదివిన నంబరును రిజిస్ట్రేషన్ వివరాలతో పోల్చి, బండి రకం, రంగు సరిపోయాయో లేదో చూడటం. నంబరు స్కూటర్‌దై, ఫొటోలో లారీ ఉంటే అక్కడే ఆగిపోతుంది. సారథి గారి దురదృష్టం ఆ జల్లెడలోనే ఉంది. హైదరాబాద్ క్యాబుల్లో తెల్ల సెడాన్లదే రాజ్యం కనుక ఆ పోలిక కూడా కుదిరిపోయింది. చలాన్ వెళ్లే ముందు ఒక మనిషి ఆ ఫొటోను పెద్దది చేసి రెండు క్షణాలు చూసి ఉంటే దారం కనబడేది. యంత్రం తప్పు చదవడం కన్నా, ఒకే బండికి పందొమ్మిది నిమిషాల్లో ఊరి రెండు చివర్లా చలాన్ పడినా ఏ గంటా మోగకపోవడం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అది తేలికైన లెక్క: దూరాన్ని సమయంతో భాగిస్తే చాలు.

ఆ లెక్క చేయాలంటే అన్ని కెమెరాలూ చదివిన నంబర్లను ఒకచోట కలపాలి, కలిపిన మరుక్షణం మీరు భయపడుతున్న చిట్టా తయారవుతుంది. కనుక పొరపాటును సరిదిద్దే దారీ, నిఘాకు వెళ్లే దారీ కొంతదూరం ఒకటే. తేడా ఎంతకాలం ఉంచుతారన్నదానిలో ఉంది. 167ఏ నిబంధన చలాన్ పరిష్కారమయ్యేదాకా ఆ రికార్డును భద్రపరచమంటుంది. అది తప్పు చేసిన బండి సంగతి. ఏ తప్పూ చేయకుండా కెమెరా కింద నుంచి వెళ్లిపోయిన వేలాది బండ్ల నంబర్లు సాయంత్రానికి చెరిగిపోవాలా, ఏడాది ఉండాలా అన్న ప్రశ్న మనం అడగవలసినది.

ఈ నగరంలో ఆ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2013 నాటి ప్రజా భద్రత చట్టం దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలంది. ‘నేను సైతం’ పేరుతో కాలనీలు చందాలు వేసుకుని పెట్టుకున్నాయి. బంజారాహిల్స్‌లో, కెమెరాల దృశ్యాలను ఒకచోట చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ముఖాన్ని గుర్తించే సాంకేతికత వాడకాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా దాఖలైంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. కానీ 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, నేరాల నివారణ, దర్యాప్తు పనులకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చింది. అందువల్ల ఆ చట్టం చూపించి మీ చిట్టాను చెరిపించుకోవడం తేలిక కాదు.

సైనిక్‌పురి గృహిణి:

చిట్టా గురించి ఒక్క మాట. మా వారి స్కూటర్ పోయినప్పుడు నాలుగో రోజున దొరికింది, దొరికింది ఈ కెమెరాల వల్లనే. అది ఏడాది పాటు ఉంచిన రికార్డు కాదు, నాలుగు రోజులది. ఎంతకాలం అన్న ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబు కావచ్చు.

మరొకటి, అందరూ జాగ్రత్తగా ఉండండి. చలాన్ పడిందని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపి, దాన్ని నొక్కగానే ఫోన్‌లోని బ్యాంకు సందేశాలను చదివి ఖాతా ఖాళీ చేసే మోసం నడుస్తోంది. చలాన్ చూసుకోవడానికి ఏ ఫైలూ దించుకోనక్కరలేదు. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్న ప్రభుత్వ సైటులో మనమే నంబరు కొట్టి చూసుకోవాలి. చలాన్ అంటే కంగారుపడే మన అలవాటే వాళ్లకు పెట్టుబడి.

ఉప్పల్ సారథి:

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారు చెప్పినట్టే 9.12 చలాన్ కట్టి, రసీదు జత చేసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. స్టాంపు వేయమంటే మొదట వింతగా చూశారు, తరువాత వేశారు. ఈసారి కౌంటర్‌లో వేరే ఉద్యోగి ఉన్నారు. రెండు చలాన్ల సమయాలను పక్కపక్కన చదివి, ఫొటోను తెర మీద పెద్దది చేసి, ‘ఇది దారం కదా’ అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. తొమ్మిది రోజులకు ఆ చలాన్ సైటులో కనబడకుండా పోయింది. పొరపాటు జరిగిందన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు, నాకు సందేశం కూడా రాలేదు. నేనే రోజూ నంబరు కొట్టి చూసుకుంటూ ఉంటే తెలిసింది. ఆ దండ కట్టుకున్న అసలు కారుకు చలాన్ వెళ్లిందో లేదో తెలియదు. పరికరం ధ్రువపత్రం గురించి సమాచార హక్కు కింద పెట్టిన దరఖాస్తును మాత్రం వెనక్కి తీసుకోలేదు, ముప్పై రోజుల గడువు ఇంకా ఉంది.

మా ఇంట్లో కూడా ప్రతి శనివారం బండికి నిమ్మకాయ, మిరపకాయలు కడతారు. మొన్న శనివారం ఆ దండను నంబరు ప్లేటు మీదికి రాకుండా పొట్టిగా కట్టమన్నాను. దిష్టికి పొడుగు ముఖ్యం కాదు కదా అని మా ఆవిడను ఒప్పించడానికి, ఆ ఉద్యోగిని ఒప్పించినదాని కన్నా ఎక్కువసేపే పట్టింది.